అనుసంధానమా, అతుకా? బహుతంతు కనెక్టర్ల రూపకల్పన, తెలుగు పారిభాషిక పదవిధానం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
గాజు తంతువుల ద్వారా సమాచారాన్ని పంపే సాంకేతికతలో తంతువును తయారుచేయడం ఒక ఎత్తు, తంతువుకు తంతువును కలపడం మరొక ఎత్తు. అనేక తంతువులను ఒకేసారి కలిపే కనెక్టర్లు ఈ రెండవ సమస్య నుంచి పుట్టాయి. ఈ విషయాన్ని తెలుగులో రాయబోయేవారికి సాధారణంగా 'అనుసంధానం' అనే ఒక్క మాటే ఎదురవుతుంది. ఇదే సమస్యను ఎదుర్కొన్న చేనేత వృత్తిలో దీనికి సూక్ష్మభేదాలతో కూడిన పదజాలం ఉంది. దానిని పక్కన పెట్టడం వల్ల రూపకల్పనలోని అసలు ఆలోచనే తెలుగులో చెప్పలేని స్థితి ఏర్పడుతోందని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: దృశా తంతువు, బహుతంతు కనెక్టరు, చేనేత పదజాలం, వృత్తి పదకోశం, పారిభాషిక పదనిర్మాణం, సోమశిల.

1. ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా అనంతసాగరం మండలంలో పెన్నానదిపై ఉన్న సోమశిల జలాశయం నిల్వ సామర్థ్యం 78 టి.ఎం.సి.లు. ఈ ప్రాంతంలో 'అనుసంధానం' అనగానే మొదట స్ఫురించేది నీరు. జాతీయ జలాభివృద్ధి సంస్థ ద్వీపకల్ప నదుల ప్రణాళికలో నాగార్జునసాగర్ నుంచి సోమశిలకు ఒక కాలువ, సోమశిల నుంచి పాలారు మీదుగా కావేరికి మరొక కాలువ ప్రతిపాదనలో ఉన్నాయి. ఈ ప్రతిపాదనలకు పత్రికలు పెట్టిన పేరు నదుల అనుసంధానం. అదే మాట ఆధార్ సంఖ్యను బ్యాంకు ఖాతాకు కలపడానికి వాడుతున్నాం. రోడ్డును రోడ్డుకు, గ్రామాన్ని అంతర్జాలానికి కలపడానికీ అదే మాట.

ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతపు రైతు మాత్రం నీటి విషయంలో ఈ ఒక్క మాటతో సరిపెట్టుకోడు. చెరువు నుంచి నీరు వదిలేది తూము. నిండిన చెరువు నుంచి మిగులునీరు పొర్లిపోయేది కలుజు. పొలానికి నీరు చేర్చేది పంటకాలువ. నీరు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరే ప్రతి తీరుకూ ఆయన దగ్గర ఒక పేరుంది. ప్రభుత్వ ప్రకటనలో పెద్ద మాట ఒకటే ఉంటే, పని జరిగేచోట చిన్న మాటలు అనేకం ఉంటాయి. ఈ వ్యాసానికి మూలమైన పరిశీలన ఇదే.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. భూమిలో కందకాలు తవ్వే ఖర్చు లేకుండా విద్యుత్ స్తంభాల మీదుగా గాజు తంతువుల కేబుల్‌ను లాగడం ఈ పథకపు ప్రత్యేకత. గాలివానకు స్తంభం ఒరిగి కేబుల్ తెగితే దానిని తిరిగి కలపవలసినవాడు నిచ్చెన ఎక్కే సిబ్బందిలో ఒకడు. అతడు చేసే పనిని మన పారిభాషిక పదకోశాల తెలుగులో చెప్పాలంటే 'తంతువుల అనుసంధానం' అనాలి. ఈ మాట విన్నవాడికి తెగిన పోగును కరిగించి అతికారా, తీసి పెట్టుకోగల సాధనంతో బిగించారా, ఒక్క తంతువును కలిపారా, పన్నెండింటిని ఒకేసారి కలిపారా అన్నది తెలియదు. సాంకేతికంగా ఇవి నాలుగు వేర్వేరు విషయాలు.

2. కలయికలోని కష్టం:

తెలుగు అకాడమి భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు చదివిన విద్యార్థికి 'దృశా తంతువు', 'సంపూర్ణాంతర పరావర్తనం' అనే మాటలు పరిచితమే. కాంతి తంతువు లోపలి గోడలను తాకుతూ, బయటికి పోకుండా ప్రయాణిస్తుందని అతడు చెప్పగలడు. పాఠం సాధారణంగా అక్కడ ఆగుతుంది. శాస్త్రచరిత్ర కూడా చాలాకాలం తంతువు చుట్టూనే తిరిగింది. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హోఖామ్ కిలోమీటరుకు 20 డెసిబెల్ కన్న తక్కువ నష్టం గల గాజు సాధ్యమైతే సమాచార ప్రసారానికి పనికివస్తుందని ప్రతిపాదించారు. 1970లో కార్నింగ్ సంస్థ పరిశోధకులు ఆ గాజును సాధించారు. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథలో అతుకు కనిపించదు. ఎంత స్వచ్ఛమైన గాజైనా ఎక్కడో ఒకచోట ముగిసి, మరొక గాజును కలుసుకోవలసిందే.

దూరప్రసారానికి వాడే తంతువు వెలుపలి వ్యాసం 125 మైక్రాన్లు. కాంతి నడిచే నడిమి భాగం దాదాపు 9 మైక్రాన్లు మాత్రమే. రెండు తంతువులను ఎదురెదురుగా పెట్టినప్పుడు ఈ నడిమి భాగాలు ఒక్క మైక్రాను పక్కకు జరిగితే దాదాపు 0.2 డెసిబెల్, అంటే సుమారు 4.5 శాతం కాంతి నష్టమవుతుంది. జరుగుడు రెండు మైక్రాన్లయితే నష్టం రెండింతలు కాదు, డెసిబెల్ లెక్కలో నాలుగింతలు. కాంతిలో సుమారు 17 శాతం పోతుంది. పొరపాటు పెరిగే కొద్దీ శిక్ష దాని వర్గం చొప్పున పెరుగుతుంది. తల వెంట్రుకలో పదోవంతు కూడా లేని నడిమి భాగాన్ని, అందులోనూ పదోవంతు తేడా రాకుండా నిలపాలి.

ఒక పరిష్కారం కరిగించి అతకడం. రెండు కొసలను యంత్రంలో ఎదురెదురుగా నిలిపి, విద్యుత్ చాపంతో కరిగించి ఒకటి చేస్తారు. నష్టం 0.1 డెసిబెల్ కన్న తక్కువకు తేవచ్చు. అయితే అది శాశ్వతం, విడదీయాలంటే కత్తిరించాలి. రెండవ పరిష్కారం కనెక్టరు. దానిని ఎన్నిసార్లయినా తీసి పెట్టవచ్చు. తంతువు ఒక్కటే అయితే ఈ పనికి గుండ్రని సాధనం చాలు. సమాచార కేంద్రాలలో వేల తంతువులు ఒకచోట చేరినప్పుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క కనెక్టరు పెట్టే చోటూ ఉండదు, చేసే ఓపికా ఉండదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ప్రకటించిన భారీ కేంద్రం వంటి వాటిలో ఈ సమస్య నిత్యకృత్యం. సోమశిల స్తంభం మీది కేబుల్‌కూ విశాఖలోని ఆ యంత్రాల గదికీ మధ్య గాజు ఒకటే, కలపవలసిన సంఖ్య వేరు.

3. పన్నెండు పోగుల పొన్ను:

1980లలో జపాన్ టెలిఫోన్ సంస్థ ఎన్.టి.టి. పరిశోధకులు ఎం.టి. అనే సాధనాన్ని రూపొందించారు. ఇది దాదాపు 6.4 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల ఎత్తు గల ముఖంతో ఉండే చిన్న ప్లాస్టిక్ దిమ్మ. అందులో ఒకే వరసలో పన్నెండు రంధ్రాలు ఉంటాయి. ఒక రంధ్రానికీ మరొక రంధ్రానికీ ఎడం 0.25 మిల్లీమీటర్లు. వరసకు ఇరువైపులా 0.7 మిల్లీమీటర్ల చీలలకు రెండు బెజ్జాలుంటాయి. ఒక దిమ్మకు చీలలు బిగించి, రెండవదాని బెజ్జాలలో దూర్చితే పన్నెండు తంతువులూ ఒకేసారి ఎదురెదురుగా నిలుస్తాయి. తర్వాత దీనికి నెడితే పట్టుకొనే, లాగితే ఊడే తొడుగు చేర్చారు. అదే నేడు విస్తృతంగా వాడుతున్న ఎం.పి.ఓ. కనెక్టరు.

ఈ రూపకల్పనలోని ప్రతిభ ఎక్కడుందన్నది ముఖ్యం. ఒక్క తంతువును కలిపేటప్పుడు దానిని అటూ ఇటూ తిప్పి, జరిపి, కాంతి ఎక్కువగా వచ్చేచోట నిలపవచ్చు. పన్నెండింటిని అలా ఒక్కొక్కటిగా సవరించడం సాధ్యం కాదు. ఒకదానిని సవరిస్తే మిగిలిన పదకొండూ కదులుతాయి. కాబట్టి సవరణ అనే పనినే కలిపేవాడి చేతి నుంచి తొలగించారు. ఖచ్చితత్వం అంతా దిమ్మను పోతపోసే అచ్చులోకి వెళ్ళింది. అచ్చు మైక్రాను లోపు తేడాతో తయారైతే అందులోంచి వచ్చే ప్రతి దిమ్మా అచ్చుగుద్దినట్టు ఉంటుంది. కలిపేవాడు చీలను బెజ్జంలో దూర్చితే చాలు. ఒకసారి, ఒకచోట, ఒక నిపుణుడు పడిన శ్రమ వేలమంది చేతులకు బదిలీ అయింది.

బదిలీ అయిన కష్టం పూర్తిగా మాయం కాలేదు. పన్నెండు కొసలూ దిమ్మ ముఖం నుంచి కొద్ది మైక్రాన్ల మేరకు, దాదాపు సమానంగా ముందుకు పొడుచుకొని ఉండాలి. లేకపోతే కొన్ని తాకుతాయి, కొన్ని తాకవు. వాటిని ఒత్తి పట్టడానికి లోపల స్ప్రింగు ఉంటుంది. పన్నెండు తంతువులూ ఒకే ముఖాన్ని పంచుకోవడం వల్ల ఒకచోట పడిన ధూళికణం పక్క తంతువుల స్పర్శను కూడా చెడగొడుతుంది. ఒంటి తంతువుకు వ్యక్తిగతమైన మురికి ఇక్కడ సామూహికమవుతుంది.

దీనికి ఇటీవలి రూపకర్తల సమాధానం కటకాలు. ప్రతి తంతువు కొస ముందు ఒక సూక్ష్మకటకం ఉంచి, కాంతిపుంజాన్ని వెడల్పు చేసి, ఎదుటివైపు కటకంతో తిరిగి ఇరుకు చేస్తారు. గాజు గాజును తాకదు. పుంజం వెడల్పయింది కనుక చిన్న ధూళికణం దానిలో కొద్ది భాగాన్నే అడ్డుకుంటుంది. కొంచెం పక్కకు జరిగినా నష్టం స్వల్పం. అయితే పక్కజరుగుడును సహించే ఈ పద్ధతి కోణపు వంపును ముందటంత సహించదు. కాంతి విషయంలో ఒకచోట సంపాదించిన వెసులుబాటుకు మరొకచోట మూల్యం చెల్లించక తప్పదు. ఇది ఇంజనీరు నైపుణ్యంతో దాటగల హద్దు కాదు, ప్రకృతి నియమం.

4. ఇంగ్లీషు పదాల కులగోత్రాలు:

పై వివరణలో 'దిమ్మ' అన్నదానికి ఇంగ్లీషు మాట ఫెర్రూల్. ఇది చేతికర్ర చివర తొడిగే లోహపు కట్టుకు వాడే పాత మాట. కడియం అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. తంతువులను అతకడాన్ని చెప్పే స్ప్లైస్ అన్నది ఓడల మీద తాళ్ళ పేటలను విప్పి అల్లి కలిపే నావికుల మాట. క్లాడింగ్ బట్ట తొడగడానికి చెందినది. కనెక్టరుతో సిద్ధంగా వచ్చే పొట్టి తంతువును పిగ్‌టెయిల్ అంటారు, అది జడ. గాజు తంతువుల శాస్త్రం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఎదిగినది. దాని పదజాలం మాత్రం కర్రల దుకాణం నుంచీ ఓడరేవు నుంచీ ఎరువు తెచ్చుకున్నది. ఇంగ్లీషు శాస్త్రవేత్తలకు ఇందులో చిన్నతనం కనిపించలేదు.

తెలుగు పారిభాషిక పదనిర్మాణం భిన్నమైన దారి పట్టింది. శాస్త్రానికి సంస్కృత సమాసం తప్పనిసరి అనే భావన మన పదకోశాలలో బలంగా ఉంది. సంస్కృత పదాలపై ఈ వ్యాసకర్తకు వైరం లేదు. 'సంపూర్ణాంతర పరావర్తనం' తన భాగాలను తానే వివరించుకొనే మంచి మాట. చిక్కు సూత్రాలను చెప్పే మాటలతో పనిముట్లను కూడా చెప్పబోవడంలో ఉంది. ఫెర్రూల్‌కు సమానమైన మాట తెలుగులో ఎప్పటి నుంచో ఉంది: పొన్ను. రోకలి కొసకు వేసే ఇనుప కట్టు పొన్ను. పొన్ను వేసిన కర్ర పొన్నుకర్ర. రోకలిని, కర్రను చీలిపోకుండా కాపాడి, దాని కొసకు ఆకారమిచ్చే పని ఏదో, గాజు తంతువు కొసకు ఆ దిమ్మ చేసే పని అదే. ఇంగ్లీషువారు కర్రనుంచి గాజుకు వేసిన అడుగును తెలుగువారు వేయడానికి అడ్డు లేదు. మాట మన వంటింట్లోనే ఉంది, పదకోశ సంఘాల దృష్టి దానిపై పడలేదు.

5. అచ్చు అతకడం:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశాలలో వ్యవసాయ సంపుటం 1962లోను, చేనేత సంపుటం 1971లోను వెలువడ్డాయి. మాటలను గదిలో కూర్చొని కల్పించకుండా పనిచేసేవారి నోటినుంచి సేకరించడం వీటి ప్రత్యేకత. మాండలిక పరిశోధనకు ఇవి ఆకరాలుగా నిలిచాయి. పారిభాషిక పదనిర్మాణం మాత్రం వీటిని దాదాపు తాకకుండా సాగింది. ఒకే భాషలో, ఒకే కాలంలో జరిగిన ఈ రెండు ప్రయత్నాలు ఒకదానినొకటి పలకరించుకోకపోవడం విచారకరం.

2022 జిల్లాల పునర్విభజన వరకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న వెంకటగిరి సన్ననూలు చీరలకు ప్రసిద్ధి. అక్కడి మగ్గమైనా, మరొకచోటి మగ్గమైనా, పడుగులో వేల పోగులుంటాయి. ప్రతి పోగూ అచ్చులోంచి దూరి, తన స్థానంలో తాను నిలవాలి. ఒక పడుగు నేసి ముగించగానే కొత్త పడుగులోని వేల పోగులను మళ్ళీ మొదటినుంచి అచ్చులోకి దూర్చడం విపరీతమైన శ్రమ. అందుకని నేతగాళ్ళు పాత పడుగు కొసలను అచ్చులోనే వదిలి ఉంచుతారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు పురిపెట్టి అతుకుతారు. తర్వాత మెల్లగా లాగితే కొత్త పోగులు పాతవాటి వెంట అచ్చులోంచి నడిచి వస్తాయి. ఈ పనికి పేరు అచ్చు అతకడం. ఇది ప్రత్యేక నైపుణ్యం. చాలా నేతకుటుంబాలలో స్త్రీలు చేసే పని.

గాజు తంతువుల పనిలో పిగ్‌టెయిల్ అతకడం సరిగ్గా ఇదే ఆలోచన. స్తంభం మీద, ఎండలో, గాలిలో తంతువును పొన్నులోకి దూర్చి నునుపు చేయడం కష్టం. కాబట్టి కర్మాగారంలోనే పొన్ను తొడిగి, నునుపు చేసి, పొట్టి తోక వదిలి పంపుతారు. పనిచోట చేయవలసింది ఆ తోకకు కేబుల్ తంతువును అతకడమే. పన్నెండు తంతువులు పక్కపక్కన అంటిన పట్టీ అయితే పన్నెండింటినీ ఒకేసారి కరిగించి అతికే యంత్రాలున్నాయి. స్థానాన్ని నిర్ణయించే కఠినమైన పనిని ఒకసారి చేసి భద్రపరచడం, ఆ స్థానాల నుంచి వెలికి వచ్చిన కొసలకు కొత్త పోగులను అతకడం అన్న రెండంచెల సూత్రం మగ్గం మీదా ఉంది, స్తంభం మీదా ఉంది. సాంకేతిక చరిత్రలో ఒకదానినుంచి మరొకటి పుట్టిందని దీని అర్థం కాదు. ఒకే రకమైన చిక్కుకు రెండు చేతులు ఒకే రకమైన విరుగుడు కనిపెట్టాయి. ఆ విరుగుడుకు తెలుగులో పేరుంది. 'తంతువుల అనుసంధానం' అన్నప్పుడు ఈ రెండంచెలూ ఒక్కటై, సూత్రమే కనుమరుగవుతోంది.

వరస విషయం కూడా గమనించాలి. అచ్చు అతికేటప్పుడు పోగు తప్పితే అంచు రంగు మధ్యకు వస్తుంది. కేబుల్‌లో పన్నెండు తంతువులకు నీలంతో మొదలుపెట్టి పన్నెండు రంగులు నిర్ణయించి ఉన్నాయి. ఎం.పి.ఓ. కేబుళ్ళలో ఒకటో తంతువు అవతలివైపు ఒకటో స్థానానికే చేరే రకం ఉంది, పన్నెండో స్థానానికి చేరే రకం ఉంది, పక్కపక్క జంటలు తారుమారయ్యే రకం ఉంది. ఏ రకమో తెలియక కలిపితే పంపేవైపు పంపేవైపుకే ఎదురవుతుంది. అతుకు నిర్దోషంగా ఉన్నా సమాచారం చేరదు. దీనికి ఇంగ్లీషువారు పొలారిటీ అన్నారు. తెలుగులో 'ధ్రువత' అంటే అయస్కాంతం, విద్యుత్తు స్ఫురిస్తాయి తప్ప ఈ అర్థం రాదు. 'వరస' అంటే వస్తుంది. తిన్నని వరస, తిరగేసిన వరస, జంట మారిన వరస అని మూడింటినీ విడదీసి చెప్పవచ్చు.

వృత్తిపదం ఆధునిక యంత్రంతో కలిసి ప్రయాణించగలదనడానికి మన దగ్గరే నిదర్శనం ఉంది. పోచంపల్లి చీరకు చిటికీ కట్టే ముందు నూలును ఆసుపై పోయడంలో చేయి ఒక చీరకు దాదాపు 9000 సార్లు తిరగాలి. తల్లి లక్ష్మి పడిన బాధ చూసి చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పేరు 'లక్ష్మీ ఆసు'. దానికి ఆయన సూత్ర వేష్టన యంత్రమని పేరు పెట్టలేదు. వాడేవారికి పేరు వినగానే అది ఏ పని చేస్తుందో తెలిసింది.

6. హద్దులు:

వృత్తిపదాలన్నిటినీ కళ్ళు మూసుకొని తెచ్చుకోవాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. చేనేతలో 'పుంజం' నిర్ణీత సంఖ్యలోని పడుగు పోగుల కట్ట. బట్ట నాణ్యతను ఎన్ని పుంజాలు అని చెప్పేవారు. పన్నెండు తంతువుల కట్టకు ఇంతకన్న చక్కని మాట లేదనిపిస్తుంది. కాని భౌతికశాస్త్రం ఆ మాటను ముందే తీసుకొని కాంతిపుంజం చేసింది. కటకాల కనెక్టరును వివరించేటప్పుడు పుంజంలోని ఒక్కొక్క పోగునుంచి ఒక్కొక్క పుంజం వెలువడుతుందని రాస్తే పాఠకుడు వ్యాసాన్ని మూసివేస్తాడు. ఇక్కడ నేతమాట వెనక్కి తగ్గాలి. 'కట్ట', 'పట్టీ' చాలు.

'సంధి' ఆకర్షణీయమైన మాటే. తెలుగు ఆచార్యులకు మరీ. కరిగించి అతికినప్పుడు రెండు కొసలూ తమ హద్దును కోల్పోయి ఒకటవుతాయి కనుక దానిని సంధి అని, కనెక్టరులో రెండూ తమ రూపాలు నిలుపుకొని పక్కన చేరతాయి కనుక దానిని సమాసం అని చెప్పాలనిపిస్తుంది. తరగతిలో చెప్పడానికి ఇది బాగుంటుంది. పదకోశంలో పెడితే వ్యాకరణం చదవనివాడికి రెండూ అర్థం కావు. పైగా సమాసాన్ని విడదీస్తే విగ్రహవాక్యం వస్తుంది, ఊడిన కనెక్టరుకు మళ్ళీ బిగించే అవసరమే వస్తుంది.

'కనెక్టరు', 'కేబుల్', 'స్ప్లైస్' ఇప్పటికే పనివారి నోట స్థిరపడ్డాయి. వాటిని తొలగించి కొత్త మాటలు పెట్టడం భాషాసేవ కాదు. రైలును ధూమశకటం చేయబోయిన తరం అనుభవం మన ముందుంది. పేరు ఇంగ్లీషుదైనా ఫరవాలేదు. ఆ పేరు వెనుక ఉన్న పనిని వివరించే క్రియలూ విశేషణాలూ తెలుగువి కావాలి. అతకడం, దూర్చడం, బిగించడం, తొడగడం, పురిపెట్టడం, తుడవడం, నునుపు, బిగువు, ఎడం, వరస. ఈ మాటల మీద పట్టు పోతే పేరు మాత్రమే మిగిలి, వివరణ పోతుంది. నామవాచకాల కోసం ఇంతకాలం పోరాడి క్రియలను అశ్రద్ధ చేశామని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

7. ఒకే సూచన, రెండు తెలుగులు:

పరీక్షార్థం ఒక సూచనను రెండు విధాల రాసి చూద్దాం. మొదటిది పాఠ్యగ్రంథ ధోరణి: "అనుసంధాన ఉపకరణ అగ్రతలమును శుద్ధిపరచి, పరిశీలనానంతరము తంతుక్రమ ధ్రువతను నిర్ధారించుకొని అనుసంధానము గావించవలెను."

రెండవది: "మూత తీయగానే పొన్ను ముఖం తుడవండి. సూక్ష్మదర్శినిలో చూడండి, మరక కనిపిస్తే మళ్ళీ తుడిచి మళ్ళీ చూడండి. చీలలున్న పొన్ను ఏదో, బెజ్జాలున్నది ఏదో చూసుకోండి. రెండింటికీ చీలలుంటే నెట్టవద్దు, పోగుల కొసలు పగులుతాయి. ఒకటో పోగు ఏ వైపు ఉందో, వరస తిన్ననిదో తిరగేసినదో సరిచూడండి. ఆ తర్వాత టక్కుమనే దాకా నెట్టండి."

మొదటిది పొట్టిగా ఉంది, గౌరవంగా ఉంది, వ్యాకరణ దోషం లేదు. ఎన్నిసార్లు తుడవాలో, ఎందుకు చూడాలో, ఏది చేయకూడదో దానిలో లేవు. వాటిని చేరుద్దామన్నా ఆ భాష సులభంగా లొంగదు. ప్రతి చేర్పుకూ మరొక సమాసం కట్టవలసి వస్తుంది. రెండవదానిలో ఉన్న మాటలలో ఏదీ ఈ వ్యాసం కోసం కల్పించినది కాదు. ఈ సూచనను చదివేవాడు ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివి కేబుల్ పనికి వచ్చిన యువకుడు కావచ్చు. మొదటి సూచన అతడికి అర్థం కాకపోతే ఇంగ్లీషు కరపత్రమే గతి. అదీ అర్థం కాకపోతే పక్కవాడు చేసినట్టు చేస్తాడు. పక్కవాడు తుడవకపోతే తానూ తుడవడు.

8. చేయవలసిన సేకరణ:

చేనేత పదకోశం కోసం అర్ధశతాబ్దం కిందట నేతవాడల్లో జరిగినట్లు, కేబుల్ పనివారి మాటలను సేకరించే పని ఏ విశ్వవిద్యాలయ తెలుగు శాఖ అయినా చేపట్టవచ్చు. పిహెచ్.డి. స్థాయిలో మాండలిక పదసేకరణ ఇప్పటికీ ఎక్కువగా వ్యవసాయం, కుమ్మరం, వడ్రంగం వంటి పాత వృత్తుల చుట్టూనే సాగుతోంది. కొత్త వృత్తులు కూడా వృత్తులే. ఉదయగిరిలో కొయ్యచెంచాలు చేసే కళాకారుల మాటలను రాసుకొనే పరిశోధకుడు అదే వీధిలో స్తంభమెక్కినవాడిని కూడా ఆపి అడగవచ్చు.

అడగవలసినవి చిన్న ప్రశ్నలు. స్తంభానికి చుట్టగా వేలాడదీసిన మిగులు కేబుల్‌ను ఏమంటారు? అతుకులను దాచే పెట్టెకు జాయింట్ బాక్స్ కాక మరో పేరుందా? తంతువు మరీ వంగి కాంతి కారిపోతే ఏ క్రియ వాడతారు, కారడమా, పోవడమా, తగ్గడమా? కరిగించిన అతుకు సరిగా కుదరనప్పుడు యంత్రం చూపే నష్టాన్ని ఒకరితో ఒకరు ఎలా చెప్పుకుంటారు? పన్నెండు రంగులను వరసగా గుర్తుపెట్టుకోవడానికి ఏదైనా పాటో, పొడిమాటల దండో కట్టుకున్నారా? ఆత్మకూరులో వచ్చిన జవాబూ, వెంకటగిరిలో మగ్గం వదిలి ఈ పనిలోకి వచ్చినవారెవరైనా ఉంటే వారి జవాబూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండవవారి నోట 'అతుకు' ఏ రూపంలో మిగిలి ఉందన్నది ప్రత్యేకంగా రాసుకోవాలి.